తెర వెనక సుషీ చెయ్యను

కాలేజీల పక్కన సుషీ కడల్లో, అంటే అంగళ్లలో, పనికి చేరబోయే పిల్లలు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ ఇంటికి వస్తున్నారు. "కృపక్కా, ఏ కత్తి కొనాలి? ఏ బియ్యం మంచిది?" అని అడుగుతారు. చెబుతాను, దాచుకోను. కాని మొదట అడగవలసింది అది కాదు. ఎక్కడ నిలబడాలి అని అడగాలి.

వేరే వంటల్లో మనిషి చెయ్యి కనపడదు. దోసె పెనం మీంచి వస్తుంది. బిరియాని గిన్నెలోంచి వస్తుంది. సుషీ మాత్రం, పుల్లటి అన్నం మీద చేప ముక్క పెట్టే జపాను వంట గదా, చేసే మనిషి అరచేతిలో రూపం దిద్దుకొని, తినే మనిషి ముందుకు నేరుగా వస్తుంది. మధ్యలో ఒక చెక్క కౌంటరు, అంతే. అందుకే ఈ వృత్తిలో నేను చూసిన గొడవలు చేప గురించి మొదలైనా, ధర గురించి మొదలైనా, చివరికి చేతి దగ్గరికే వచ్చి ఆగాయి. ఇది ఎవరి చెయ్యి? నేను రాసేది ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు.

నేను పుట్టింది కోయంబత్తూరులో, కార్పొరేషన్ చెత్త బండ్ల డిపో వెనక, ఊడ్చేవాళ్ల కోసం కట్టిన లైను ఇళ్లలో. మా అమ్మ రోడ్లు ఊడ్చేది. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. బడిలో తమిళం చదివాను. తెలుగు అక్షరాలు నేర్పింది మా సంఘం. ఆదివారం ఆరాధన అయ్యాక మా తాత నా వేలు పట్టుకొని వాక్యం మీద పెట్టి, ఒక్కొక్క మాట మీదుగా నడిపించేవాడు. అందుకే నేను మాట్లాడేది మా లైను తెలుగు, రాసేది తాత వేలు నేర్పిన తెలుగు. తప్పులుంటే సరిచేసుకొని చదవండి.

అన్నం ముందు, చేప తర్వాత

మా ఊళ్లోనే ఉక్కడం చేపల మార్కెట్టులో చేపలు కోసి పొలుసు తీసే పనితో నా చేతులు మొదలయ్యాయి. అక్కడినుంచి చెన్నైలో జపాను కంపెనీల వాళ్లు బస చేసే ఒక హోటలు వంటింటికి వెళ్లాను. అక్కడ సుషీ కౌంటరుకు పెద్ద జోవా. మిజోరం మనిషి. ఆమెకు తమిళం రాదు, నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరికీ కీర్తనల రాగాలు మాత్రం వచ్చు. నా మాటలు వేరు, ఆమె మాటలు వేరు, రాగం ఒకటే. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో పరిచి, వెనిగరు, చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, నేను విసనకర్రతో విసురుతుంటే ఆమె ఒక కీర్తన ఎత్తుకునేది. కీర్తన అయ్యేసరికి అన్నం సిద్ధం. అన్నానికి గడియారం చూడటం నేను ఎన్నడూ నేర్చుకోలేదు.

చేరిన కొత్తలో నేను ఒక తెలివైన పని చేశాను. చేప చల్లగా ఉండాలి గనక అన్నం కూడా చల్లగా ఉండాలనుకొని, తొట్టి మొత్తం ఎత్తి ఫ్రిజ్జులో పెట్టాను. సాయంత్రానికి మెతుకులు పలుకులైపోయాయి. జోవా తిట్టలేదు. ఒక పళ్లెం నిండా ఆ అన్నమే పెట్టి నా ముందు కూర్చుంది. "తిను" అంది. సగం తిని నీళ్లు తాగాను. "మిగతాది?" అంది. అదీ తిన్నాను. అప్పుడు నా మణికట్టు పట్టుకొని, ఆ చర్మం మీద తన వేలు పెట్టి, "అన్నం ఇంత వెచ్చగా ఉండాలి. మనిషంత" అంది. వంట బడుల్లో డబ్బు కట్టి నేర్చుకునే పిల్లలకు చెబుతున్నాను, ఆ ఒక్క పళ్లెం నాకు నేర్పినంత ఏ సర్టిఫికెట్టూ నేర్పదు.

కాబట్టి చేప గురించి గొప్పలు చెప్పే కడలో తినకండి, పనికి చేరకండి. లోపలికి వెళ్లి వట్టి అన్నం ఒక ముద్ద అడగండి. నోట్లో పెట్టుకోగానే మెతుకు మెతుకుగా విడిపోతే ఆ కౌంటరులో మనిషి ఉన్నాడు. జిగురు ముద్దలా అంటుకుంటే అక్కడ జీతగాడు ఉన్నాడు.

చేప సంగతి ఒక్క మాటలో చెబుతాను. పచ్చిగా పెట్టే చేప ముందు బాగా గడ్డకట్టి ఉండాలి, దానిలో పురుగు చావాలి. "ఈ పొద్దే పట్టింది, తాజాది" అని ఎవరైనా మురిసిపోతూ తెస్తే సంతోషంగా తీసుకొని పులుసు పెట్టండి. కౌంటరు మీదికి మాత్రం రానివ్వకండి. యజమాని అలిగినా సరే, అతిథి అలిగినా సరే.

మామిడికాయ ముక్కా, సంఘపు నోరూ

మా అమ్మకు కాలు విరిగినప్పుడు చెన్నై వదిలి ఇంటికి వచ్చేశాను. అవినాశి రోడ్డుకు లోపలి వైపు, కాలేజీలూ హాస్టళ్లూ కిక్కిరిసిన పేటలో రవి సార్ అప్పుడే ఒక చిన్న సుషీ కడ పెట్టబోతున్నాడు. అన్నూరు దగ్గర పొలాలున్న కుటుంబం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. పెట్టుబడి వాళ్ల అమ్మది. టేబుళ్లకు చోటు లేదు. గోడ వారన ఒక పొడుగాటి కౌంటరు, దాని ముందు ఎత్తు కుర్చీలు. కౌంటరు వెనక నేను, పొయ్యి దగ్గర మణిపూర్ నుంచి వచ్చిన తోంబా. ఇదీ మా సైన్యం.

పేట కడ పేట నోటికి తగ్గట్టు ఉండాలి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది శాకాహారులు. దోసకాయ, మామిడి, వేయించిన పనీరు పెట్టి చుట్టాను. ఇడ్లీ పొడిలో దొర్లించి కూడా ఇచ్చాను. ఒకసారి పెద్ద ఊరినుంచి వచ్చిన ఒకాయన రుచి చూసి, "ఇది సుషీ కాదు" అన్నాడు. "సరే సార్, పేరు మీరు పెట్టండి, పళ్లెం ఇంకొకటి తెమ్మంటారా?" అన్నాను. తెమ్మన్నాడు. ఊరి నోటికి వంగడం చిన్నతనం కాదు. అన్నం పాడుచేసి అలంకారం చేయడం చిన్నతనం.

నేను వంగని చోటు కూడా ఒకటి ఉంది. ఈ వంటలో బియ్యపు సారా వాడతారు. నేను వాడలేదు. నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. చక్కెర పాకంతో సరిపెట్టాను. చేరిన రోజే సార్‌తో ఆ మాట చెప్పాను, సరేనన్నాడు. మీ నమ్మకం ఏదైనా సరే, దాన్ని చేరిన రోజే చెప్పండి. రెండో నెలలో చెబితే సాకులా వినపడుతుంది.

ఇంత చేసినా సంఘంలో నా మీద మాటలు ఆగలేదు. స్త్రీల కూటంలో ఒక సహోదరి అందరూ వినేలా అంది: "ఏమి కృపా, పచ్చి మీను తినేవాళ్లకి వండి పెడుతుండావంట?"

"వండను అక్కా. వండకుండానే పెడతా."

కూటమంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "అది శుద్ధమా అని అడుగుతుండా."

"మిద్దె మీద ప్రార్థన చేస్తా ఆకలిగొన్న శిష్యుడికి పైనుంచి దుప్పటి దిగింది కదా అక్కా. అందులో తినకూడదన్న జంతువులన్నీ ఉండె, నాకన్నా నీకే బాగా తెలుసు. దేవుడు శుద్ధం చేసిందాన్ని కాదనేదానికి నువ్వెవరు, నేనెవరు?"

ఆ తర్వాతి వారం ఆమె కొడుకు హాస్టలు స్నేహితులను వెంటబెట్టుకొని మా కౌంటరుకు వచ్చాడు. నేను ఆమెతో ఏమీ అనలేదు. అనాలని మాత్రం చాలా ఉండింది.

పచ్చ చట్నీ

కొత్తవాళ్లను ఆటపట్టించవద్దు. ఇది నేను కఠినంగా చెప్పే మాట. పళ్లెం మూలన ఆకుపచ్చగా ఒక ముద్ద పెడతాం. వసాబి. ముక్కులోకి మంటలా ఎక్కుతుంది. కొన్ని కడల్లో పనివాళ్లు కొత్తవాళ్లకు అది కావాలనే ఎక్కువ పెట్టి లోపలినుంచి చూసి నవ్వుతారు. అలాంటి నవ్వు నా కౌంటరు దగ్గర జరగనివ్వలేదు.

అయినా ఒకసారి జరిగిపోయింది. ఈ తమిళ సీమలోనే కంబం లోయలో ద్రాక్షతోట ఉన్న ఒక రైతు, కొడుకును కాలేజీలో చేర్చడానికి వచ్చాడు. కొడుకు మా దగ్గరికి లాక్కొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన ఆ పచ్చ ముద్దను కొత్తిమీర చట్నీ అనుకొని, మొత్తం ఒక ముక్కకు అద్ది మింగేశాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మీసాలు వణికాయి. నేను నీళ్లు పట్టుకొని పరుగెత్తాను. ఆయన తేరుకొని కొడుకుతో తెలుగులో అన్నాడు: "ఒరే, ఇది చట్నీ కాదురా. మన తోటకి కొట్టే మందు. ఇదేసినామంటే ఆకు మీద ఒగ పురుగు నిలవదు."

నాకు నవ్వు ఆగలేదు. కాని నేను ఆయనకు జవాబిచ్చింది తమిళంలో. ఆయన తెలుగు నాకు అర్థం కానట్టే మొహం పెట్టి, క్షమించమని తమిళంలోనే అడిగాను. ఎందుకో మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్లకు చెప్పాలి.

కోయంబత్తూరులో తెలుగు వినపడే ఇళ్లు రెండు రకాలు. ఒకటి మిల్లులూ పొలాలూ ఉన్న పెద్ద ఇళ్లు. ఇంకొకటి డిపో వెనక లైను ఇళ్లు. భాష ఒకటే. కాని నోరు విప్పితే చాలు, ఏ ఇల్లో తెలిసిపోతుంది. తమిళంలో మాట్లాడితే ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది: "వీధి దాటినాక తమిళమే మాట్లాడు పాప్పా. మన తెలుగు వింటే మన లైను కనపడుతుంది." ఆ మాట నేను మార్కెట్టులో పాటించాను, చెన్నైలో పాటించాను, రవి సార్ కడలోనూ పాటించాను. సార్‌కూ నాకూ మధ్య తమిళమే. ఆయన నన్ను అక్కా అని, మర్యాదగా, కొంగునాడనే మా ప్రాంతపు పద్ధతిలో ప్రతి మాట చివరా 'ంగ' చేర్చి పిలిచేవాడు.

బుధవారం అమ్మగారు

రవి సార్ తల్లి సరోజమ్మ బుధవారాలు అన్నూరునుంచి డాక్టరు దగ్గరికి వచ్చి, తిరిగి వెళ్లేముందు కడలో కాసేపు కూర్చునేది. మొదటిసారి సుషీ చుట్టను అటూ ఇటూ తిప్పి చూసి కొడుకును తెలుగులో అడిగింది: "ఏమిరా రవీ, ఈ నల్ల కాగితం తీసేసి తినాలా, అట్లనే తినాలా?"

"కాగితం కాదమ్మా. సముద్రంలో పాచి."

"పాచిని తినేదానికా నా పొలం దుడ్డు పెట్టింటివి?"

అలా అంటూనే దోసకాయ, మామిడి చుట్టలు పళ్లెం ఖాళీ చేసింది. ఆ తర్వాత ప్రతి బుధవారం నా ఎదుటి కుర్చీయే. ఇంకెవరైనా అందులో కూర్చుంటే లేచేదాకా నిలబడేది. నాతో తమిళంలో కబుర్లు చెప్పేది. నా చేతిలోంచి ముక్క నేరుగా అందుకొని నోట్లో వేసుకునేది. "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అని మెచ్చుకునేది. నాకు ఆమె అంటే ఇష్టం. ఈ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను, తర్వాత రాస్తే ఎవరూ నమ్మరు.

ఒక బుధవారం ఆమె దిగులుగా ఉంది. చెల్లెలు పోయిందట. "నాతో తీరిగ్గా తెలుగు మాట్లాడే మనిషి ఇక ఎవరూ లేరు. రవి ఫోన్లో తమిళమే. మనవరాలు ఇంగ్లీషు. నోట్లో మాట నోట్లోనే ఎండిపోతోంది" అంది తమిళంలో.

అంతకు ముందు ఆదివారమే మా సంఘం పాస్టరు అయ్యగారు ఏసు ప్రభువు పట్టుబడిన రాత్రి సంగతి బోధించాడు. ప్రభువును పట్టుకెళ్లాక, ముంగిట్లో మంట దగ్గర చలి కాచుకుంటున్న శిష్యుణ్ణి అతని యాసే పట్టిచ్చింది. అతడు భయపడి, నేను ఆయన మనిషిని కాదన్నాడు. ఆ బోధ వింటున్నంతసేపు నాకు ఆ శిష్యుడు కనపడలేదు. కౌంటరు వెనక తమిళం మాట్లాడుతున్న నేను కనపడ్డాను. నా మాటతో నన్ను గుర్తుపడతారని నేను ప్రతి రోజూ మా అమ్మను కాదంటున్నాను.

సరోజమ్మ కళ్లలో నీళ్లు. నేను ముక్క ఒకటి అందిస్తూ తెలుగులో అన్నాను: "నాతో మాట్లాడండమ్మా. మా ఇంట్లోనూ తెలుగే."

ఆమె మొహం దీపంలా వెలిగింది. "అయ్యో నా తల్లీ! ఇన్నాళ్లూ నోరు మూసుకోనుంటివే! చూడు రవీ, ఈ అమ్మాయి మనోళ్లంట! యా ఊరు మీది, కన్నా? ఎవురింటి బిడ్డవు?"

"ఈ ఊరేనమ్మా. డిపో వెనకాల లైను. మా అమ్మ రోడ్లు ఊడ్చేది."

ముక్క ఆమె వేళ్ల మధ్యే ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టలేదు, కౌంటరు చెక్క మీద పెట్టింది. పైట కొంగుతో వేళ్లు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. "కారు వచ్చేసిండాది" అని లేచింది. కారు రాలేదు. రోడ్డు మీద ఎండలో నిలబడి కారు కోసం ఎదురుచూడటం అద్దంలోంచి నాకు కనపడుతూనే ఉంది.

నీలం గుడ్డ

మర్నాడు రవి సార్ మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడాడు. తమిళంలో ఎన్నడూ మర్యాద తప్పని మనిషి, తెలుగులోకి వచ్చేసరికి 'నువ్వు' అయ్యాడు. ఆ తేడా తనకు తెలిసిందో లేదో.

"అక్కా, కోపం చేసుకోవద్దు. ఇంగమీదట గ్లవ్స్ ఏసుకో. ఈ కౌంటరు ముందర నీ పక్క ఒగ తెర కట్టిస్తా. జపాన్‌లో కూడా కడలకి తెర ఉంటాది కదా."

"జపాన్‌లో తెర వాకిట్లో కడతారు సార్. చేసేవాళ్ల మొకం ముందర కాదు."

"అంతా హైజీన్ కోసం."

"అయితే తోంబాకీ గ్లవ్సూ తెరా ఉంటాయా?"

"తోంబా ముందర ఉండనీ. అతని మొకం చూస్తే జనానికి జపాన్ కడ మాదిరి ఉంటాది."

పొయ్యి దగ్గర తోంబాకు తెలుగు తెలియదు గాని తన పేరూ జపానూ వినపడ్డాయి. సంగతి అడిగాడు, చెప్పాను. "సార్, నేను సముద్రం చూసిందే చెన్నైలో" అన్నాడు తమిళంలో. ఎవరూ నవ్వలేదు.

నేను నేరుగా అడిగాను: "సార్, ఈ తెర శుభ్రానికా, మా లైనుకా?"

ఆయన నా మొహం చూడలేదు. "అమ్మ రొంబ సంకటపడుతుండాది అక్కా. ఆమె దుడ్డుతో పెట్టిన కడ. శనివారానికి తెర వస్తాది. నీ జీతం, నీ పని అట్లనే ఉంటాయి. నువ్వు కనపడవు, అంతే."

చేతి తొడుగుల మీద నాకు పగ లేదు. నియమం అందరికీ ఒకటే అయితే ముందు నేనే వేసుకుంటాను. ఒకరి చేతికే తొడుగు, ఒకరి ముందే తెర అంటే అది శుభ్రం కాదు. దానికి వేరే పేరు ఉంది. ఆ పేరు మా అమ్మ తలవంచుకొని విన్నది. నేను వినదలచుకోలేదు.

కాని భయం లేదని అబద్ధం చెప్పను. మా ఊళ్లో అప్పటికి అలాంటి కౌంటరు ఇంకొకటి లేదు. ఇది పోతే నా వయసులో మళ్లీ చేపల మార్కెట్టే. జోవా నేర్పిన చెయ్యి మళ్లీ పొలుసు గీకాలి. శుక్రవారం సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్లాను.

ఆయన మంచివాడు. కాని పెద్దలతో గొడవ అంటే జంకుతాడు. "తగ్గించుకో అమ్మా" అన్నాడు. "ప్రభువు శిష్యుల కాళ్లు కడగలేదా? కనపడకుండా సేవ చేసేదాంట్లో కూడా మహిమ ఉండాది."

"కడిగినాడు అయ్యగారూ. అందరి ముందరా, వాళ్ల మొకాలు చూస్తా కడిగినాడు. అక్కడ తెర యాడ ఉండె?"

ఆయన బైబిలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత మోకాళ్లూనాడు, నేనూ ఊనాను. ఆయన మెల్లగా ఏమని ప్రార్థించాడో నాకు వినపడలేదు. నా ప్రార్థన నేను చేసుకున్నాను. ఉద్యోగం నిలబెట్టమని అడగలేదు. రేపు నా నోరు తమిళంలోకి పారిపోకుండా చూడమని అడిగాను.

శనివారం

శనివారం సాయంత్రాలు మా కడకు పండగ. తలుపు తీయకముందే పిల్లలు గుంపులుగా బయట నిలబడతారు. నేను వెళ్లేసరికి కౌంటరు పైన నా వైపు నీలం గుడ్డ వేలాడుతోంది. అందంగానే ఉంది, తెల్ల చేపల బొమ్మలు. నేను చేతులు కడుక్కున్నాను. కుర్చీ ఎక్కి కడ్డీలోంచి గుడ్డ లాగాను. మడిచి సార్ చేతికి ఇచ్చాను.

"మంచి గుడ్డ సార్. ఇంట్లో బల్ల మీద పరచుకోండి. తెర ఉంటే నేనుండను. నేనుంటే తెర ఉండదు. తలుపు తీయమంటారా, నన్ను పొమ్మంటారా?"

ఆయన బయట గుంపును చూశాడు, గుడ్డను చూశాడు. "ఈ పొద్దుకి తియ్యి" అన్నాడు. ఈ పొద్దుకి. అంటే రేపటి మాట రేపే.

తలుపు తీశాం. కుర్చీలు నిండాయి. నా ఎదుటి కుర్చీ మాత్రం సార్ ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎందుకో కాసేపటికి అర్థమైంది. సరోజమ్మ వచ్చింది. తెర కట్టారో లేదో చూడటానికే వచ్చింది. కట్టలేదని చూసింది. అయినా అలవాటైన కుర్చీ గనక దాంట్లోనే కూర్చుంది.

నేను దోసకాయ, మామిడి చుట్ట చేశాను. తడి చేత్తో అన్నం పరిచాను, చుట్టాను, కోశాను, చేత్తోనే ఆమె ముందు పళ్లెంలో పెట్టాను. "తినండమ్మా" అన్నాను తెలుగులో.

ఆమె నాతో మాట్లాడలేదు. నా మీదుగా గల్లా దగ్గరున్న కొడుకుతో మాట్లాడింది, తెలుగులోనే. చుట్టూ ఉన్న పిల్లలకు అర్థం కాదని ఆ ధైర్యం. "రవీ, దీన్ని తీపిచ్చెయ్యి. ఆ పొయ్యి దగ్గరుండే పిల్లోడితో చేపిచ్చు. లేదంటే నేను పోతా."

ఆ గదిలో ఆ మాట అర్థమైంది ముగ్గురికే. చెప్పిన మనిషికి, విన్న కొడుక్కి, నాకు. సార్ గల్లా పెట్టెలోకి చూశాడు. ఆయన నోరు విప్పే వరకూ నేను ఆగి ఉండవచ్చు. ఆగలేదు.

"అమ్మా, ఇన్ని బుధవారాలూ మీరు తినింది ఈ చేతిదే. మీరు మెచ్చుకొనింది ఈ చేతినే. ఈ చెయ్యి మారలేదు, నేను మారలేదు. మా అమ్మ ఊడ్చిన రోడ్డు మీదనే మీ కారు వచ్చింది. తింటే తినండి, మీకు ఎప్పటి మర్యాదే ఉంటాది. వద్దంటే లేవండి. బయట పిల్లోళ్లు నిలబడుండారు."

నా గొంతు పెరగలేదు. పక్క కుర్చీలోని అమ్మాయి మేము వంటకం గురించే మాట్లాడుకుంటున్నామనుకొని, ఆ మామిడిది తనకూ కావాలని వేలితో చూపించింది.

సరోజమ్మ లేచింది. రవి సార్ గల్లా వదిలి వచ్చి, తల్లి చెయ్యి పట్టుకొని కారు దాకా తీసుకెళ్లాడు. అద్దంలోంచి చూశాను. ఆమె మాట్లాడుతోంది, ఆయన తలుపు పట్టుకొని వింటున్నాడు. చాలాసేపు విన్నాడు. కారు వెళ్లిపోయింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నేను కత్తి కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టాను. అది నా కత్తి, జోవా ఇచ్చింది. దాన్ని వదిలిపెట్టి పోను గనక ముందే చుట్టాను. తోంబా పొయ్యి తగ్గించి నన్నే చూస్తున్నాడు.

సార్ లోపలికి వచ్చాడు. తలుపు దగ్గర ఆగి, బయట నిలబడ్డ పిల్లలతో తమిళంలో, "ఒక సీటు ఉంది, ఎవరు ముందు?" అని అడిగాడు. మెడికల్ కాలేజీ పిల్ల ఒకతె వచ్చి సరోజమ్మ కుర్చీలో కూర్చుంది, బ్యాగు ఒళ్లో పెట్టుకొని. సార్ ఆమె ముందున్న, సరోజమ్మ ముట్టని పళ్లెం తీసి పక్కన పెట్టాడు. అప్పుడు నా వైపు తిరిగి, తెలుగులో అన్నాడు:

"ఈ పాప సాల్మన్ చేప అడుగుతుండాది. మీరు చేసి పెట్టండి, అక్కా."

కత్తి గుడ్డలోంచి తీశాను.

ఆ తర్వాత భుజం పట్టేసి చెయ్యి ఎత్తలేకపోయే వరకు ఆ కౌంటరు దగ్గరే నిలబడ్డాను. తెర మాట మళ్లీ రాలేదు. రవి సార్ తన తల్లితో ఏం పడ్డాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన వీరుడని నేను అనను. ఒక సాయంత్రం ఒక కుర్చీ నింపాడు, అంతే. కొందరు అంత కూడా చేయరు. మీకు దొరికే యజమాని ఎలాంటివాడో మీరు అక్కడ నిలబడితేనే తెలుస్తుంది, వంటింట్లోకి జరిగిపోతే ఎప్పటికీ తెలియదు. కాబట్టి ముందర నిలబడండి. చేతులు శుభ్రంగా కడుక్కోండి, గోళ్లు తీసుకోండి, అందరూ చూసేలా పని చేయండి. ఏ ఇంటి బిడ్డవని అడిగితే మీ ఇల్లు ఏదో చెప్పండి, ఇంటి భాషలోనే చెప్పండి.

సరోజమ్మ మళ్లీ రాలేదు. క్షమించమని నాకు ఆజ్ఞ ఉంది గనక ఆ రోజే క్షమించాను. ఆమె పేరు ఇప్పటికీ నా ప్రార్థనలో ఉంటుంది. కాని ఆమె కోసం ఆ కుర్చీని ఏ బుధవారమూ ఖాళీగా ఉంచలేదు.